మన్సూరాలో పప్పూ అన్నం

దోహాకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు మొదటి నెలలో మూడు ప్రశ్నలు అడుగుతారు. ఐడీ కార్డు ఎన్నాళ్ళకి వస్తుంది, ఇంటికి డబ్బు ఎక్కడ పంపితే రేటు బావుంటుంది, మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది. మొదటి రెంటికీ ఎవరైనా జవాబు చెప్పేస్తారు. మూడోదానికి మాత్రం "మన్సూరా వెళ్ళండి" అని ఊరుకుంటారు. మన్సూరాలో ఎక్కడికండీ అంటే, ఇక నసుగుడే.

అల్ మన్సూరా దోహాలో బి రింగ్ రోడ్డుకీ సి రింగ్ రోడ్డుకీ మధ్య ఉన్న పాత పేట. పక్కనే నజ్మా. మూడు నాలుగంతస్తుల పాత బిల్డింగులు, కింద బకాలా అనే చిల్లర కొట్టు, దాని పక్కన మంగలి షాపు, దాని పక్కన టైలరు, మూలమీద టీ కొట్టు. 2019 డిసెంబరు 10న మెట్రో గ్రీన్ లైన్ మొదలైంది. దానికి ఒక కొస అల్ మన్సూరా, రెండో కొస ఊరి చివర మాల్ ఆఫ్ ఖతార్ దగ్గరున్న అల్ రిఫ్ఫా. టికెట్టు 2 రియాళ్ళు. అద్దెలు తక్కువని ఊరి అంచులకి వెళ్ళినవాళ్ళు రయ్యాన్ వైపు, బర్వా సిటీ వైపు, వుకైర్ వైపు ఉంటారు. అక్కడ వెడల్పాటి రోడ్లూ, కొత్త బిల్డింగులూ, పిల్లలు ఆడుకోవడానికి జాగా అన్నీ ఉంటాయి. నడిచి వెళ్ళి టిఫిన్ చేసొచ్చే చోటు మాత్రం ఉండదు. అందుకే సెలవు రోజున మన్సూరా.

ఇక్కడికొచ్చి బోర్డులు చదివితే ముందుగా తెలిసేది, ఖతార్‌లో భారతీయ భోజనం అంటే చాలామటుకు మలయాళీ భోజనం అని. అందులో తప్పేమీ లేదు. తెల్లవారుజామున షట్టర్ ఎత్తి, డ్యూటీకి పోయేవాడికి వేడి పొరోటా, కరక్ చాయ్ చేతిలో పెట్టేది వాళ్ళే. ఏ దేశం నుంచి వచ్చినవాడైనా వాళ్ళ కఫ్తీరియాలోనే కడుపు నింపుకుంటాడు. పుట్టూ కడలా, చేపల కూర, బీఫ్ ఫ్రై, వాళ్ళు చేసేవి వాళ్ళు బాగా చేస్తారు. తమిళుల శాకాహార హోటళ్ళలో ఇడ్లీ దోసెలకి లోటు లేదు. పాకిస్తానీ హోటళ్ళలో నిహారీ, పప్పు, తందూరు రొట్టె. వీటిలో దేనికీ వంక పెట్టబుద్ధి కాదు నాకు.

కాకపోతే తెలుగువాడి ఇబ్బంది వేరు. మనకి మంచి భోజనం అంటే బిర్యానీ కాదు. (హైదరాబాదీ బిర్యానీ అని బోర్డున్న ప్రతిచోటా హైదరాబాదు ఉంటుందని ఎవరూ నమ్మరనుకోండి.) మనం వెతికేది మరీ మామూలు సంగతులు. సన్నబియ్యం అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, ఏదో ఒక పులుసు, చివర్లో గట్టి పెరుగు. ఈ మామూలు సంగతుల్ని హోటల్లో అమ్మి లాభం తీయడం కష్టం. కేరళ మట్ట బియ్యపు లావు మెతుకుల మీద పప్పు కలిపి చూడండి, పప్పు ఒక దారి, అన్నం ఒక దారి. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, తిని పెరిగిన నాలుకకి మెతుకు తేడా వెంటనే తెలిసిపోతుంది. అది ఎవరి తప్పూ కాదు, అలవాటు.

అందుచేత మన్సూరాలో తెలుగు భోజనానికి బోర్డు ఉండదు. అది మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో, తలుపు ముందు చెప్పులున్న ఫ్లాటులో ఉంటుంది. బుధవారం సాయంత్రం తెలిసినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది: శుక్రవారం గుత్తివంకాయ, పప్పుచారు, చికెన్ వేపుడు, ఎవరికెన్ని? గురువారం రాత్రికి లెక్క తేలుతుంది. శుక్రవారం పన్నెండింటికి మెట్లమీద సంచులు పట్టుకుని మగవాళ్ళు దిగుతూంటారు. పూతరేకులు కావాలంటే ఒకరు, సకినాలు కావాలంటే మరొకరు. ఎవరు ఏది బాగా చేస్తారో ఆ గ్రూపులవాళ్ళకి తప్ప బయటికి తెలియదు. అందుకే ఆ నసుగుడు. అడిగినవాడికి హోటల్ పేరు చెప్పొచ్చు. ఒకావిడ ఫోన్ నంబరు ఎలా చెప్తాం, ఆవిడని అడక్కుండా?

ఇంతవరకూ ఫ్లాటున్నవాళ్ళ సంగతి. ఖతార్‌లో ఏడు లక్షలకు పైగా ఉన్న భారతీయుల్లో ఇది చిన్న భాగం. మిగిలినవాళ్ళ దగ్గరికి రావాలంటే ముందు ఒక మాటకి అర్థం చెప్పాలి. గల్ఫులో 'బ్యాచిలర్' అంటే పెళ్ళి కానివాడని కాదు. భార్యని తెచ్చుకోలేనివాడు. ఇద్దరు పిల్లల తండ్రి, యాభై ఏళ్ళవాడు కూడా ఇక్కడ బ్యాచిలరే. కుటుంబాలుండే పేటల్లో కార్మికుల్ని గుంపుగా ఉంచకూడదని 2010లో 15వ నంబరు చట్టం వచ్చింది. దాంతో జగిత్యాల నుంచీ, నిజామాబాదు నుంచీ, కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన మేస్త్రీలు, డ్రైవర్లు, హెల్పర్లు చాలామంది ఊరి బయటే. ఇండస్ట్రియల్ ఏరియా, దాని పక్కన 2015లో తెరిచిన లేబర్ సిటీ, ఇంకా దూరంగా క్యాంపులు. ఊరి చివర మంచి తిండి ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్న అసలు వాళ్ళది.

2021 మార్చి 20 నుంచి ఖతార్‌లో కనీస వేతనం అమల్లోకి వచ్చింది. మూల జీతం 1000 రియాళ్ళు. కంపెనీ వసతి ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300. ఈ చివరి అంకె దగ్గర ఆగండి. నెలకి 300 అంటే రోజుకి 10 రియాళ్ళు. మూడు పూటలకి. మన్సూరా హోటల్లో ఒక్క పూట భోజనం చేసి, టీ తాగి లేస్తే ఆ పది దాదాపు అయిపోతుంది. మిగతా రెండు పూటలూ? అయినా ఆ పది నా చేతికిస్తే చాలు అనేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. కంపెనీ మెస్సు అన్నం తెల్లవారకముందే వండి, డబ్బాల్లో పెట్టి, బస్సులో సైటుకి పంపుతారు. మే నెల ఎండలో మధ్యాహ్నం మూత తీసేసరికి అది ఏ స్థితిలో ఉంటుందో చెప్పక్కర్లేదు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు పదింటి నుంచి మూడున్నర దాకా ఆరుబయట పని నిషేధం. మనిషికి ఆ నీడ దొరుకుతుంది, డబ్బాలో అన్నానికి దొరకదు.

అందుకని లెక్క ఇలా వేసుకుంటారు. ఒక గదిలో ఎనిమిది మంది, తలా పది రియాళ్ళు, రోజుకి 80. ఒక్కడి పదికి భోజనం రాదు గాని, ఎనిమిది మంది 80కి రెండు పూటలా అన్నం, పప్పు, ఒక కూర, వారానికోసారి కోడి వస్తాయి. బస్తా బియ్యం, డబ్బా నూనె టోకున కొంటారు. వంతులవారీ వంట. ఒకడు కూరగాయలు కోస్తే ఒకడు అంట్లు తోముతాడు. దీన్నే 'మెస్ వేసుకోవడం' అంటారు. గల్ఫులో నేను తిన్న మంచి తెలుగు భోజనాలు రాయమంటే మొదటి నాలుగింట్లో రెండు ఇలాంటి మెస్సులవే. ఒకటి తలకాయ కూర, జొన్నరొట్టె. రెండోది ఉత్త టమాటా పప్పు. అంత బాగా ఎలా కుదిరింది అంటే, వండినతను ఊళ్ళో పెళ్ళిళ్ళ వంటలకి వెళ్ళేవాడట.

అయితే దీనికంతటికీ ఒక పొయ్యి కావాలి. చాలా క్యాంపుల్లో గదిలో వంట నిషేధం. నిప్పు భయం, అది అన్యాయమైన భయం కూడా కాదు. బయట అందరికీ కలిపి ఒక వంటగది ఉంటే, పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి పొయ్యి కోసం వరసలో నిలబడాలి. అదీ లేని క్యాంపులో ఉండే జగిత్యాల కుర్రాణ్ణి, మరి ఎలా తింటున్నావయ్యా అనడిగాను. "పొయ్యి లేకున్నా పచ్చిపులుసు అయితది గదన్నా" అన్నాడు. నిజమే. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు వేసి నలిపితే చాలు. పోపు లేకపోయినా పచ్చిపులుసే. మెస్సువాళ్ళిచ్చిన చల్లటి అన్నంలో అది పోసుకుంటాడు. తన ఊరి వంటల్లో మంట అక్కర్లేనిది వెతికి పట్టుకున్నాడన్నమాట. మన వంటల పుస్తకాల్లో పచ్చిపులుసు గురించి ఈ గుణం ఎవరూ రాసినట్టు లేదు.

2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నప్పుడు మాకు మొదట తగిలిన దెబ్బ పెరుగు. ఉన్న ఒక్క రోడ్డు సరిహద్దు మూతపడింది. సౌదీ నుంచి వచ్చే పాలూ, లబన్ రాత్రికి రాత్రి అరల్లోంచి మాయమయ్యాయి. టర్కీ నుంచి వచ్చాయి గాని ఆ పెరుగు మజ్జిగ అన్నానికి కలిసి రాలేదు. ఆ వారాల్లో మా బిల్డింగులో తోడు కోసం ఇంటింటికీ గిన్నెలు తిరిగాయి. ఎవరి ఇంట్లో తోడు నిలిచి ఉంటే వాళ్ళే ఆ వారం పెద్దమనుషులు. జులైలో ఖతార్ ఆవుల్నే విమానాల్లో దించుకుంది. ముంద్రా, నవా శేవా రేవుల నుంచి హమద్ పోర్టుకి నేరుగా ఓడలు మొదలై, అంతకుముందు దుబాయి మీదుగా వచ్చే మన పప్పులూ పిండ్లూ తిన్నగా దిగాయి. 2021 జనవరిలో రాజీ కుదిరింది. ఆపైన 2023 జులై 20న మన దేశం మామూలు తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు అమెరికాలో సోనా మసూరి కోసం జనం ఎగబడ్డ వీడియోలు చూసుంటారు. మా వీధిలో అంత గోల లేదు. మనిషికో బస్తా ఎక్కువ కొని మంచం కింద తోశారు. ఉప్పుడు బియ్యానికి ఆ నిషేధం లేదు కాబట్టి మలయాళీ మిత్రులు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. ఆగస్టులో దానిమీద 20 శాతం సుంకం పడేదాకా.

ఇంకో సంగతి. మంచి తిండి వెతికే తెలుగువాళ్ళు చాలామంది ఇండియా నుంచి వచ్చిన అర దగ్గరే ఆగిపోతారు. గోంగూర విమానంలో వచ్చి, వాడి, రెట్టింపు ధరకి అమ్ముడుపోతుంది. అదే కొట్టులో, నాలుగడుగుల అవతల, అరబ్బులు కొనే ఆకుకూరల్లో మన చుక్కకూర ఉంటుంది, శీతాకాలంలో. అది అచ్చం మన చుక్కకూరే, వేరే రకం కాదు. వానలు పడితే ఇక్కడి ఎడారిలో దానంతట అదే మొలుస్తుంది. అరబీలో 'హుమ్మైద్', పులుపు అన్న ధాతువులోంచి వచ్చిన పేరు. గంగవావిలి కూర కూడా అంతే, 'బఖ్లా' అని అడగాలి. కొత్తిమీర అనుకుని పార్స్లీ కట్ట తెచ్చుకోకుండా వాసన చూసి కొనాలి. చేపల్లో 'కనద్' అంటే మన వంజరమే. ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 వరకు దాన్ని వలలతో పట్టడం నిషేధం కనుక ఆ రెండు నెలలూ పులుసుకి వేరే చేప చూసుకోండి. చలికాలంలో అల్ మజ్రూవా, అల్ వక్రా యార్డుల్లో స్థానిక రైతుల కూరగాయలు వారాంతాల్లో చవకగా దొరుకుతాయి. కారున్నవాళ్ళు వెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళని అడిగి వెళ్తే పుణ్యం.

రంజాను నెలలో మొదటిసారి వచ్చేవాళ్ళకి ఒక మాట. పగలు హోటళ్ళు మూసి ఉంటాయి, బహిరంగంగా నీళ్ళు కూడా తాగకూడదు. మగ్రిబ్ అయ్యాక మన్సూరా వీధులు చూడాలి, అర్ధరాత్రి దాటినా టీ కొట్ల దగ్గర జనమే.

శుక్రవారం సాయంత్రాలు ఇండస్ట్రియల్ ఏరియా నుంచి బస్సుల్లో వచ్చి దిగుతారు మనవాళ్ళు. ఇస్త్రీ చొక్కాలు, తల దువ్వుకుని, ఇంటికి డబ్బు పంపే పని ముగించుకుని. నలుగురైదుగురు కలిసి నిలబడి, చాయ్ తాగుతూ ఊరికి వీడియో కాల్ చేస్తారు. "తిన్నవా బిడ్డా" అని అటునుంచి తల్లి గొంతు వీధంతా వినిపిస్తుంది. తిన్నానమ్మా అంటాడు. ఏం తిన్నావని ఆవిడ ఊరుకోదు. కోడికూర అంటాడు. పక్కనున్న ముగ్గురూ ఫోనుకి కనపడకుండా నవ్వుతారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళూ అదే చెప్తారు.

మీలో ఎవరికైనా ఫ్లాటూ, పొయ్యీ ఉండి, శుక్రవారం వండే గిన్నె కాస్త పెద్దదైతే, మన్సూరా మెట్రో స్టేషన్ ఎంతో దూరం కాదు. మెట్రోలో తినకూడదు గాని, మూత గట్టిగా పెట్టిన క్యారియరు తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనరు. ఉలవచారు మాత్రం వద్దు, మూత ఎంత బిగించినా ఆ వాసన ఆగదు.