వజ్రాల దారిలో వింత స్ఫటికాలు

రాయి ఎంత పెద్దదైతే అంత ధర... అది వజ్రాల లెక్క. స్ఫటికం ఎంత చిన్నదైతే అంత గొప్ప... ఇది నానో లెక్క. రెండూ మన భాగ్యనగరం ఎరిగినవే!

మూసీ మీద పురానాపూల్‌ని కట్టింది 1578లో. అంటే, హైదరాబాద్‌ నగరం కంటే 13 ఏళ్లు పెద్దది. ఆ పక్కనే ఉన్న కార్వాన్‌ కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల బేరాలకు పెట్టింది పేరు. రాయి బరువు రెట్టింపైతే ధర నాలుగింతలు! గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే పేరుతోనే ఈ లెక్క ప్రసిద్ధమైంది.

వజ్రమంటే పరమాణువులు ఓ క్రమంలో పేర్చుకున్న స్ఫటికం. జెర్మేనియం కూడా అలాంటిదే. 1947లో తొలి ట్రాన్సిస్టర్‌ని చేసింది ఈ అర్ధవాహకంతోనే. దీని స్ఫటికాన్ని కొన్ని నానోమీటర్లకు కుదిస్తే చిత్రమైన మార్పులొస్తాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. అంత ఇరుకు చోట ఎలక్ట్రాన్ల తీరే మారిపోతుంది. పదార్థం అదే... పరిమాణాన్ని బట్టి అది పీల్చుకునే, వెదజల్లే కాంతి వేరు. ఇలాంటి నానో స్ఫటికాల పరిశోధనకే 2023లో ముగ్గురు శాస్త్రవేత్తలకు రసాయనశాస్త్ర నోబెల్‌ దక్కింది.

కొలిమి లేకుండానే...

మరి వాటిని తయారుచేయడం ఎలా? గాజులాంటి సిలికాన్‌ ఆక్సైడ్‌ పొరలో జెర్మేనియాన్ని కలిపి, కొలిమిలో బాగా వేడిచేయడం ఒక పద్ధతి. చిక్కేమిటంటే, ఆ సెగ చిప్‌ మొత్తానికీ తగులుతుంది. అందుకే గచ్చిబౌలిలోని హైదరాబాద్‌ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులు ఎ.పి.పాఠక్‌ బృందం మరో దారినీ పరిశోధించింది. అదే అయాన్లతో కొట్టడం.

ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్న బరువైన పరమాణువుల్ని మహావేగంతో ఆ పొర మీదికి వదులుతారు. అయాన్‌ దూసుకెళ్లిన దారి పొడవునా కొన్ని నానోమీటర్ల మేర పదార్థం కరిగినంత పనై, రెప్పపాటులో కోట్లో వంతుకన్నా తక్కువ సమయంలో చల్లారిపోతుంది. చెల్లాచెదురుగా ఉన్న జెర్మేనియం పరమాణువులు ఆలోపే దగ్గరికి చేరి స్ఫటికాలవుతాయి. మోతాదు మించితే మాత్రం కట్టిన స్ఫటికమే చెదిరిపోతుంది. కిటుకంతా అక్కడే ఉంది!

ఇందుకు కావలసిన భారీ యంత్రం ఢిల్లీలో ఉంది. అక్కడి ఇంటర్‌ యూనివర్సిటీ యాక్సిలరేటర్‌ సెంటర్లోని పెలెట్రాన్‌ని కోటిన్నర వోల్టుల కోసం రూపొందించారు. ప్రతి విశ్వవిద్యాలయమూ ఇలాంటిది కొనలేదు కాబట్టి, దేశంలోని పరిశోధకులెందరో దాన్ని పంచుకుంటారు. అక్కడ అయాన్ల దెబ్బ తిన్న పొరలో స్ఫటికం ఏర్పడిందో లేదో చెప్పేది సర్‌ సి.వి.రామన్‌ 1928లో కనిపెట్టిన కాంతి ప్రభావమే.

మనకేమిటి?

సెల్‌ఫోన్‌లో ఫొటోలు దాచే మెమొరీనే తీసుకోండి. విద్యుదావేశాన్ని ఒకే పొరలో దాచడమంటే, నీళ్లన్నీ ఒకే కుండలో పోసినట్టు. ఒక్క చిల్లు పడితే చాలు, ఖాళీ! అదే వందల చెంబుల్లో పోస్తే... ఒకటి కారినా మిగతావి భద్రం. నానో స్ఫటికాలు ఆ చెంబుల్లాంటివి. అన్నిటినీ ఒకే పరిమాణంలో, కోరిన చోట కట్టించడమే ఇంకా కష్టమైన పని.

కార్వాన్‌ వర్తకులు రాళ్లు తూచారు. ఈ స్ఫటికాలకు ఏ త్రాసూ చాలదు!