తోలుపై లేజర్ చిత్రం

తోలుపై చిత్రం చెక్కే యంత్రంలో ఉలి ఉండదు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ నుండి వెలువడే, కంటికి కానరాని పరారుణ కిరణం తోలు పైపొరను చుక్కచుక్కగా కాలుస్తుంది. చుక్కలు దట్టమైనచోట ఫోటోలోని నీడ, పలుచబడినచోట వెలుగు ఏర్పడతాయి. తంగేడు, తుమ్మ బెరళ్ల కషాయంలో పదునుచేసిన తోలుపై ఈ గీత ముదురు గోధుమరంగులో చక్కగా తేలుతుంది.

అసలు ప్రమాదం రెక్సిన్‌తో. తోలని చెప్పి అమ్మినా అది చాలావరకు పీవీసీ పూసిన గుడ్డే. కాలితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకు హానిచేస్తుంది, యంత్రాన్నీ తుప్పుపట్టిస్తుంది. ధారావి వంటి చోట్ల ఇరుకు గదులలో పనిచేసేవారు ముందుగా ఆరుబయట పరీక్షించుకోవాలి: ఎర్రగా కాల్చిన రాగితీగను చిన్న ముక్కకు తాకించి, తిరిగి మంటలో ఉంచండి. మంట ఆకుపచ్చగా మారితే ఆ సరుకును యంత్రంలో పెట్టరాదు. నిజమైన తోలుకైనా పొగను వెలుపలికి లాగే ఫ్యాను తప్పనిసరి. ముక్కుకు కట్టిన గుడ్డ వాయువును ఆపలేదు.