పశువు దవడ కింద వాపు



పెద్ద ఆవుకు రోజుకు నూరు లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది. అది ఎక్కడ ఊరుతుందో తెలిస్తే, దవడ దగ్గర వాపు కనిపించినప్పుడు ఏం చేయకూడదో కూడా తెలుస్తుంది.

ముఖానికి ఒక్కొక్క పక్క మూడేసి పెద్ద గ్రంథులున్నాయి. మొదటిది చెవి కింద, దవడ ఎముక వెనక అంచు వెంట ఉంటుంది. దాని గొట్టం దవడ కింది అంచును చుట్టి, చెంపలోకి ఎక్కి, పై నమిలే పళ్ళకు ఎదురుగా తెరుచుకుంటుంది. రెండవది మెడ మొదలు నుంచి వంకీగా వచ్చి రెండు దవడల నడుమకు దిగుతుంది. దాని గుండ్రని కొన చేతికి తగులుతుంది. అది కంతి కాదు. మూడవది నాలుక కింద ఉంటుంది.

ఈ ఊట ఎండు మేతను తడిపి మింగిస్తుంది. ఇందులో వంటసోడా గుణం ఉంది గనుక పెద్దకడుపులో పులుపును విరుస్తుంది. గడ్డి తగ్గించి నూకలు, దాణా ఎక్కువగా పెడితే నెమరు తగ్గుతుంది, ఊట తగ్గుతుంది, కడుపు పులుస్తుంది.

ఇక వాపు సంగతి. చెవి కింది గ్రంథిని ఆనుకొనే ముఖాన్ని కదిలించే నరమూ, పెద్ద రక్తనాళాలూ పోతాయి. అక్కడ వాత పెట్టినా, కోసినా నరం చెడి చెవి, పెదవి వాలిపోవచ్చు. గొట్టం తెగితే ఉమ్మి చెంపమీదికి కారుతూ పుండు త్వరగా మానదు. కాబట్టి వాతలు వద్దు, కత్తి అసలే వద్దు.

దవడ కింద మెత్తగా ఉండి, వేలితో నొక్కితే గుంట పడితే, కార్జపు జలగలో, కడుపులో పురుగులో కారణం కావచ్చు. కనురెప్ప లోపల పాలిపోయి ఉన్నదేమో చూడండి. పేడ పరీక్ష చేయించండి. ఉన్నట్టుండి గొంతు వేడిగా, నొప్పిగా వాచి, జ్వరంతో పశువు గురక పెడితే అది గొంతువాపు వ్యాధి కావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. వానలకు ముందే టీకా వేయించడం మేలు.

చొంగ ధారగా కారితే గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. గాలికుంటులో నోటిపుండ్లవల్ల చొంగ కారుతుంది. పిచ్చికుక్క కాటువల్ల వచ్చే వ్యాధిలోనూ మింగలేక కారుతుంది. ఆ చొంగ మన చేతి గాయానికి తగిలితే ప్రాణాపాయం. తగిలితే సబ్బునీళ్ళతో పావుగంట కడిగి, ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

పశువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాని దవడ కింద రెండు పక్కలా తడిమి చూస్తూ ఉండండి. మామూలు తెలిసిన చేతికే మార్పు తెలుస్తుంది.