తాడుతో సరసమా? చేతి నరం జాగ్రత్త!

కొన్నాళ్ళ క్రితం కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నా ఓ.పి.కి వచ్చింది. అతని కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోతోంది. పైకి ఎత్తలేడు. "చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానండీ" అన్నాడు. భార్య తల వంచుకుంది. దండ చుట్టూ కమిలిన గీత కనపడేసరికి అందర్నీ బయటికి పంపించి తలుపు వేయించాను. అప్పుడు చెప్పారు: ఫోన్‌లో చూసి, సరసానికి తాడుతో కట్టుకున్నారట. సిగ్గుతో నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోయారు.

ఇదేం పిచ్చి అని ముక్కున వేలేసుకోకండి. దీనికో చరిత్ర ఉంది. జపానులో ఎదో కాలంలో (1603–1868) నేరస్థుల్ని తాడుతో కట్టడం ఒక విద్య. దాని పేరు హోజోజుత్సు. మనిషి అంతస్తును బట్టి, నేరాన్ని బట్టి కట్టు మారేది. ఆ దృశ్యాలు కబుకి నాటకాల్లోకి వచ్చాయి. ఇతో సేయూ (1882–1961) అనే చిత్రకారుడు వాటినే శృంగార చిత్రాలుగా గీశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పత్రికల ద్వారా వ్యాపించి 'కిన్‌బకు' అయింది. బిగించి కట్టడమని అర్థం. విదేశాల్లో 'షిబారి' అంటే ఎక్కువమందికి తెలుస్తుంది.

శిక్ష సరసమెలా అయిందంటారా? ఇష్టపడేవాళ్ళు నొప్పి కన్నా నమ్మకం గురించే ఎక్కువ చెబుతారు. కదలలేని స్థితిలో తనను ఎదుటి మనిషికి అప్పగించటం అన్నమాట. ఇద్దరు పెద్దవాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసుకునేది జబ్బు కాదు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక చెబుతున్నదీ అదే. బలవంతం ఉంటే మాత్రం అది సరసం కాదు, హింస.

ఇక నరం సంగతి. రేడియల్ నరం దండ ఎముకను చుట్టుకుని బయటి వైపుకు వస్తుంది. అక్కడ తాడు నొక్కితే మణికట్టు, వేళ్ళు వాలిపోతాయి. నొప్పి ఉండాలని లేదు. అందుకే కట్టినవారు మధ్యమధ్య బొటనవేలు ఎత్తమని అడగాలి. ఎత్తలేకపోయినా, తిమ్మిరెక్కినా ముడి విప్పుతూ కూర్చోక తాడు కత్తిరించెయ్యండి. తాగి ఉన్నప్పుడు వద్దు. కట్టినవారిని ఒంటరిగా వదలొద్దు. మెడకు తాడు ఎన్నడూ వద్దు, కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

మణికట్టుకు బద్ద కట్టించి, వ్యాయామం చెప్పి పంపాను. ఆరో వారంలో అతను చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఈసారి భార్య నోరు విప్పింది. కత్తెర మొన గుండ్రంగా ఉన్నది కొనాలా డాక్టరుగారూ, అని అడిగింది. కొనమన్నాను.