జన్యుఫలితము చేతికందినప్పుడు

ఒక కుటుంబము జన్యుపరిశోధనలో పాల్గొన్నదనుకొందము. తల్లి, తండ్రి, ఆటిజం గల కుమారుడు ముగ్గురును చిన్న గొట్టములలో ఉమ్మి నింపి పరిశోధనాలయమునకు టపాలో పంపిరి. ఏండ్లు గడచినవి. బాలుడు పెరిగి యువకుడైనాడు. అప్పుడొకనాడు "మీ జన్యువులలో ఒక మార్పు కనిపించినది. వివరము తెలిసికొన గోరుచున్నారా?" అని ఉత్తరము వచ్చినది. దానికి ఏమని బదులు వ్రాయవలెను? ఆ వివరమును మొదట వినవలసినవారు తల్లిదండ్రులా, ఆ యువకుడా?

ఆటిజం అంటుజబ్బు కాదు. అది మెదడు ఎదుగుదలలో తొలినుండియు ఏర్పడు భేదము. ఇతరులతో మాటలాడుట, మెలగుట, శబ్దస్పర్శాదులను గ్రహించుట వీరిలో వేరుగా నుండును. కొందరికి నిత్యము సహాయము కావలెను; కొందరు తమంత తాము బ్రతుకగలరు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఈ స్థితి వైద్యలోకము దృష్టికి వచ్చినది. తరువాత చాలకాలము తల్లుల నిరాదరణయే దీనికి కారణమని కొందరు నిందించిరి. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనువారు బ్రిటనులో 21 కవలజంటలను పరిశీలించి ఫలితములు ప్రకటించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జంటలలో నాలుగింట ఇద్దరికిని ఆటిజం ఉండెను. వేర్వేరు అండములనుండి పుట్టిన 10 జంటలలో ఒక్కదానియందును అట్లు లేదు. పెంపకమే కారణమైనచో ఇంత తేడా రాదు. తల్లులపై నున్న నింద తొలగుటకు ఈ ఫలితము తోడ్పడెను.

మెండెల్ బఠానీ మొక్కల పాఠములో ఒక లక్షణమును ఒక కారకము నిర్ణయించునని విద్యార్థులు నేర్చుకొందురు. ఆటిజం విషయమంత సులభము కాదు. దీనితో సంబంధమున్న జన్యువులు వందకు పైగా తెలియవచ్చినవి. పెక్కుమందిలో అనేక జన్యువుల స్వల్పప్రభావములు కలసి పనిచేయును; వానిలో ఏ ఒక్కదానిని చూపి "ఇదే కారణము" అని చెప్పజాలము. కొద్దిమందిలో మాత్రము ఒక్క అరుదైన మార్పే పెద్ద ప్రభావము చూపును. అట్టివానినే కుటుంబములకు స్పష్టముగా తెలుప వీలగును. అమెరికాలో 2016లో 'స్పార్క్' అను పెద్ద పరిశోధన ప్రారంభమైనది. అందు తొలుత పరీక్షించిన 457 కుటుంబముల ఫలితములు 2019లో వెలువడినవి. కారణమని గాని, ముఖ్యమైన దోహదమని గాని చెప్పదగిన మార్పు నూటికి 10.4 కుటుంబములలోనే దొరకినది. అనగా పది ఉత్తరములలో సుమారు తొమ్మిది "ఏమియు కనబడలేదు" అనునవే యగును. అంతమాత్రమున జన్యుకారణము లేదని అర్థము కాదు. నేటి జ్ఞానమునకు అందలేదని మాత్రమే.

దొరకిన ఫలితము వలన ఉపయోగమేమి? 'పి.టి.ఇ.ఎన్.' అను జన్యువునందు హానికరమైన మార్పు ఉన్నవారిలో కొందరికి ఆటిజం ఉండును. తల చుట్టుకొలత కూడ ఎక్కువగా నుండును. వీరికి థైరాయిడ్ గ్రంథిలోను, స్త్రీలకు రొమ్ములోను క్యాన్సర్ వచ్చు అవకాశము అధికము. ఈ సంగతి తెలిసినచో క్రమముగా పరీక్షలు చేయించుకొని, వ్యాధిని ఆరంభములోనే పట్టుకొనవచ్చును.

'ఫ్రాజైల్ ఎక్స్' అను స్థితి మరియొక ఉదాహరణము. దీనికి మూలమైన జన్యువును 1991లో కనుగొనిరి. ఆ జన్యువునందు మూడక్షరముల ముక్క యొకటి మరల మరల వచ్చును. అది 200 సార్లకు మించినచో జన్యువు పనిచేయుట మానును. 55 మొదలు 200 వరకున్నవారు వాహకులు. వాహకురాలగు తల్లికి నెలసరి ముందుగనే ఆగిపోవచ్చును. వాహకుడగు మాతామహునికి ముదిమిలో చేతులు వణకి, నడక తడబడవచ్చును. మనుమని పరీక్ష తాతగారి వణకునకు కారణము తెలుపగలదన్నమాట. కావున జన్యుఫలితము ఒక్కని సొత్తు కాదు.

మార్పు ఎక్కడినుండి వచ్చినదో కూడ చెప్పవలెను. ప్రతి మనిషియు తల్లిదండ్రులలో లేని క్రొత్త మార్పులు సుమారు 60, 70 తో పుట్టును. కుమారునియందలి మార్పు అట్టి క్రొత్తదైనచో అది ఎవరి తప్పును కాదు; తరువాతి బిడ్డకు అది వచ్చు అవకాశము మిక్కిలి స్వల్పము. తల్లి గాని తండ్రి గాని సాధారణ క్రోమోసోము జంటలలో ఒకదానిపై ఆ మార్పు కలిగియున్నచో, ప్రతి బిడ్డకును సగము అవకాశముండును. ఈ భేదము చెప్పక "జన్యులోపము" అని మాత్రము చెప్పిన, ఆ ఇంట పాత నింద క్రొత్త పేరుతో ప్రవేశించును.

అన్ని మార్పులకును అర్థము తెలియదు. 2015లో అమెరికా జన్యువైద్యనిపుణులు మార్పులను ఐదు తరగతులుగా విభజించిరి: హానికరము, బహుశః హానికరము, అర్థము తేలనిది, బహుశః నిరపాయము, నిరపాయము. నడిమి తరగతిని ఆధారము చేసికొని ఏ నిర్ణయమును చేయరాదు. తరువాత ఆధారములు దొరకినపుడు అది పైకో క్రిందికో మారవచ్చును. పోల్చి చూచుటకు గల సమాచారములో అధికభాగము ఐరోపా సంతతివారిది. అందుచే భారతీయులలో సామాన్యమైన మార్పు కూడ అనుమానాస్పదముగా కనబడవచ్చును. 10,000 మంది భారతీయుల జన్యుసమాచారము 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చుట ఈ లోటును కొంత తీర్చును.

ఇక ఫలితము వినువారి మాట. బ్రిటనులో 2021 ఆగస్టులో 10,000 మంది ఆటిజం గలవారి డి.ఎన్.ఏ. సేకరింప 'స్పెక్ట్రమ్ 10కె' అను పథకము ప్రారంభమైనది. ఈ సమాచారము ఎవరి చేతికి పోవును, తమవంటివారు పుట్టకుండ చేయుటకు వినియోగింపబడునా అని ఆటిజం గలవారే అడిగిరి. కొద్ది వారములలోనే ఆ పని నిలిపివేయవలసివచ్చెను. ఉమ్మి ఇచ్చినవారు కేవలము నమూనాలు కారు; ఏమి వెదకుచున్నారో, ఏమి చేయుదురో ముందుగా తెలిసికొను హక్కు వారికి కలదు. తెలిసికొనకుండుటకును హక్కు కలదు.

కావున ఆ యువకుని కుటుంబము వెంటనే బదులు వ్రాయక, జన్యుసలహాదారును కలిసికొనుట మంచిది. ఫలితము రెండవమారు వైద్యప్రయోగశాలలో సరిచూడబడినదా? అది ఏ తరగతికి చెందినది? దానివలన చేయించుకొనవలసిన పరీక్షలున్నవా? బంధువులలో ఎవరికి తెలుపవలెను? ఈ నాలుగు ప్రశ్నలును అడుగవలెను. సంభాషణలో యువకుడుండవలెను. నోటిమాట కష్టమైనచో విషయమును చిన్న వాక్యములతో, బొమ్మలతో ముందుగనే వ్రాసి ఇచ్చి, ఆలోచించుకొనుటకు వ్యవధి నీయవలెను. "ఇప్పుడు వద్దు" అని అతడన్నచో అదియు ఒక జవాబే. ఆ మార్పు అతని శరీరములోనిది గనుక, మొదట అడుగవలసినది అతనినే.