మీకు తెలుసా? స్విచ్‌లో పాత నియమాలను పట్టిచ్చేది ‘కుకీ’!

• క్లౌడ్ డేటా సెంటర్లలో చాలా సర్వర్ల లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన స్విచ్ ఒకటి ఉంటుంది. ఓపెన్ వీస్విచ్ అలాంటిదే. ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలో చెప్పే నియమాలను ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో, నెట్‌వర్క్ పని చూసే న్యూట్రాన్ ఏజెంట్ దానికి అందిస్తుంది.

• ఆ ఏజెంట్ ఆగిపోయినా, స్విచ్ తన దగ్గరున్న నియమాలతోనే ప్యాకెట్లను పంపుతూ ఉంటుంది. చిక్కల్లా ఏజెంట్ రీస్టార్ట్ అయ్యాకే. పాత నియమాలన్నీ ఒక్కసారిగా తుడిచేస్తే, మళ్లీ రాసేదాకా నెట్‌వర్క్ తెగిపోతుంది. తుడవకుండా వదిలేస్తే, ఎప్పుడో తొలగించిన వర్చువల్ మెషీన్ల నియమాలు కూడా అలాగే మిగిలిపోతాయి.

• దీనికి పరిష్కారమే ‘కుకీ’. స్విచ్‌కు నియమాలు అందించే ఓపెన్‌ఫ్లో ప్రమాణం ప్రకారం ప్రతి నియమానికీ 64 బిట్ల గుర్తు వేయొచ్చు. ఏజెంట్ మొదలైన ప్రతిసారీ కొత్త గుర్తు ఎంచుకుని, ఇప్పుడు కావాల్సిన నియమాలను దానితో రాస్తుంది. ఆ పని పూర్తయ్యాకే, తన పాత గుర్తు ఉన్నవాటిని ఏరి తీసేస్తుంది.

• ముందు కొత్తది నిలబెట్టాలి, ఆ తర్వాతే పాతది తీయాలి. నెట్‌వర్క్ నడిపే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతి ఇది.