ఏర్పాటు ఎవరిది? కనికరము ఎవరికి?

దేవుడు కొందరిని ముందుగానే ఏర్పరచుకొంటాడనగానే మనవారిలో చాలమందికి తలవ్రాత గుర్తుకు వస్తుంది. నుదుట వ్రాసినది జరిగి తీరుతుంది, ఇక ప్రార్థన దేనికి అంటారు. ఊర్జానగర్ కాలనీలో హిందూ కుటుంబాలు, క్రైస్తవ కుటుంబాలు ఒకే మెట్లు ఎక్కి దిగుతూ వుంటాయి గనుక ఈ ప్రశ్న మా చెవిని పడుతూనే వుంటుంది. క్రైస్తవులు కూడ సూటిగా జవాబు చెప్పక తప్పుకొంటూ వుంటారు.

పౌలు రోమా సంఘానికి వ్రాసిన పత్రికలో 9వ అధ్యాయము ఈ విషయానికి మూలస్థానము. రిబ్కా గర్భములో కవలలున్నారు. వారింకా పుట్టలేదు, మంచీ చెడూ ఏదీ చేయలేదు. ఏశావు జ్యేష్ఠుడు, ఆ కాలపు ధర్మము ప్రకారము హక్కు అతనిది. దేవుడు ఆ హక్కును లెక్కచేయక యాకోబును ఎన్నుకొన్నాడు. ఇది అన్యాయము గాదా అని పౌలు తానే ప్రశ్న వేసికొని, కనికరము మనిషి పాటుపడి సంపాదించేది కాదు, అది ఇచ్చేవాని ఇష్టమన్నాడు. తరువాత కుమ్మరి, మట్టి పోలిక తెచ్చినాడు.

ఇక్కడే ఆగితే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. కాని పౌలు ఎవరితో వాదిస్తున్నాడో చూడవలె. మేము అబ్రాహాము వంశము, మాకేమి అని ధీమాగా వున్నవారితో. పుట్టుకను బట్టి దేవుడు ఎవరికీ బాకీ పడలేదని ఆయన వాదము.

ఈ మాట మన తెలుగుదేశములోనే ఒకసారి పరీక్షకు వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలులో కాపురము పెట్టినాడు. పట్టణములోని పై కులాలవారు మొదట ఆయనను ఆదరించినారు. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి, బాప్తిస్మము పొంది తనవారిని వెంటబెట్టుకొని రాసాగినాడు. వీరిని చేర్చుకొంటే మేము రామని పెద్దలు ఖండితముగా చెప్పినారు. లోకజ్ఞానము ప్రకారమైతే పెద్దలను పట్టుకోవలె, చిన్నవారు వారి వెనుక వస్తారు. ఏమీ తోచక క్లఫ్ ఒకచోట, ఆయన భార్య మరొకచోట వేదపుస్తకము తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగము కంటబడినదట: కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయము చివర. లోకము నీచముగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడనే భాగమది. 1914లో వెలువడిన క్లఫ్ స్వీయకథలో ఈ ముచ్చట వున్నది. ఇది అద్భుతమో కాకతాళీయమో మేము వాదించము. మాదిగలకు తలుపు తెరిచినారు; పై కులాలవారు దూరమైనారు.

1876-78 కరవులో క్లఫ్ బకింగుహాము కాలువ తవ్వకములో సుమారు మూడున్నర మైళ్ళు కంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించినాడు. కూటికోసము మతములో కలిసినారన్న మాట రాకుండ, కరవు సహాయము నడిచినన్నాళ్ళు బాప్తిస్మము ఆపివేసినాడు. సహాయము ఆగిన తరువాత కూడ జనము వచ్చినారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున.

మత్తయి సువార్త 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలీల కథ వున్నది. తెల్లవారగానే వచ్చినవానికీ, పొద్దుగూకే ముందు గంటసేపు చేసినవానికీ ఒకే కూలి. మస్టరు చూచి లెక్క కట్టే మాబోటి గుమాస్తాలకు ఇది ఒక పట్టాన మింగుడు పడదు. అయితే యజమాని ఎవరికీ తగ్గించలేదు, ఒప్పుకొన్నది ఇచ్చినాడు. సణిగినవారి బాధ తమకు తక్కువైనదని కాదు, పక్కవాడు సమానమైనాడని.

ఆ బాధ మనలో ఇంకా తీరలేదు. మనము ఊళ్ళు విడిచి తరాలు గడిచినవి, పిల్లలు తమలో తాము మరాఠీలో మాట్లాడుకొంటున్నారు. అయినా పెండ్లి సంబంధానికి వచ్చి, ప్రార్థన ముగిసి టీ గ్లాసు కింద పెట్టకముందే, "ఇంతకూ మీది ఏ కులమండీ?" అని అడుగుతారు. అబ్రాహాము వంశమువారి ధీమాకూ దీనికీ తేడా ఏమిటో మాకు కనబడదు.

తలవ్రాత సంగతి చెప్పవలె. తలవ్రాతకు చెవులు లేవు, దానితో మొరపెట్టుకొనుట కుదరదు. ఇక్కడ ఏర్పరచేవాడే ఆలకించేవాడు. వేడుకొన్న వారెవరైనా రక్షణ పొందుతారని పౌలు ఆ వెంటనే 10వ అధ్యాయములో వ్రాసినాడు. పైగా 9వ అధ్యాయమును ఆయన ఆరంభించినదే తన స్వజనులకోసము దుఃఖపడుతూ. వారు బ్రతుకుతారంటే తాను క్రీస్తుకు దూరమైనా సరేనన్నాడు. ఏర్పాటును గురించి గట్టిగా బోధించే కొందరు ఆ మొదటి వచనాలను దాటవేసి కుమ్మరి దగ్గరకు పరుగెత్తుట మాకు నచ్చదు.